పందెం హద్దు

2007 అక్టోబరులో గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలోకి వందకు పైగా దేశాల సైనికులు తమ తమ జెండాలు పట్టుకుని నడిచి వచ్చారు. వచ్చింది ఆడడానికి. అవి నాలుగో ప్రపంచ సైనిక క్రీడలు. మొదటివి 1995లో, రెండో ప్రపంచయుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంలో, రోమ్‌లో జరిగాయి. రెండోవి 1999లో జాగ్రెబ్‌లో. క్రొయేషియా సొంత యుద్ధం నుంచి బయటపడి అప్పటికి నాలుగేళ్లే. 2003లో కటానియా. ఆసియాలో అడుగుపెట్టడం మాత్రం హైదరాబాదుతోనే మొదలు. మన ఊరికి సముద్రం లేదు గనక తెరచాప పడవల పోటీలు ముంబయికి పోయాయి. వీటిని నడిపే అంతర్జాతీయ సైనిక క్రీడా మండలి 1948లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టింది. ఆటతో స్నేహం అన్నది దాని నినాదం. ఐటీ కారిడార్ ఆ వారం రోజుల్ని ఎప్పుడో మరిచిపోయింది. ఇప్పుడా స్టేడియం పేరెత్తితే ఫుట్‌బాల్ లీగో, మారథాన్ ముగిసే గీతో గుర్తొస్తాయి. అప్పుడక్కడ లేచిన ప్రశ్న మాత్రం మరిచిపోదగ్గది కాదు. ప్రాణం తీయడం వృత్తిలో భాగంగా నేర్చుకున్నవాడు, రేపు ఎదురుగా నిలబడవలసి రాగల పరదేశపు సైనికుడి పక్కన ఇవాళ పరుగెత్తి, చివర్న చేయి కలుపుతాడు. ఆ రెంటిలో ఏది నిజం? ఇంకా సూటిగా అడిగితే, ద్వేషం లేకుండా పోరాడడం మనిషికి సాధ్యమేనా?

సాధ్యమేనని గీత చెబుతుంది. ఫలం మీద ఆశ వదిలి, మనసులో జ్వరం దించుకుని యుద్ధం చెయ్యమంటుంది. ఈ బోధ మనకు ఎంత అలవాటైపోయిందంటే, ద్వేషం లేకపోవడమంటే పూర్తిగా లోపలి వ్యవహారమనీ, సాధన చేసినవాడికి అది వస్తుందనీ, చెయ్యనివాడికి రాదనీ అనుకుంటాం. నా వాదన వేరు. ద్వేషం పుట్టడం, పుట్టకపోవడం చాలా మటుకు పోటీ ఎలా కట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. ఏం పణంగా పెట్టారు, దానికి హద్దుందా, ఓడినవాడు మళ్లీ బరిలోకి రాగలడా, ఇద్దరూ ఇష్టపడే దిగారా అన్నవి ముందు చూడాలి. ఈ హద్దులున్నచోట మామూలు మనిషి కూడా ద్వేషం లేకుండా శక్తి కొద్దీ పోరాడగలడు. హద్దు చెరిగినచోట గీతను స్వయంగా విన్నవాడే నిలబడలేకపోయాడు.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. ఆట వేరు, యుద్ధం వేరు, చేసే పనిలోనే తేడా ఉంది గనక మనసులోనూ తేడా ఉంటుందని కొందరంటారు. సైనిక క్రీడల మండలికే ప్రత్యేకమైన ఆట ఒకటుంది, సైనిక పెంటాథ్లాన్. ఆంరీ దెబ్రూ అనే ఫ్రెంచి కెప్టెన్ 1946లో దీన్ని ఊహించాడు. డచ్చి పారాట్రూపర్లకు ఇచ్చే శిక్షణ చూసి, దాన్నే పోటీగా మలిచాడు. ఇందులో రైఫిల్ గురి ఉంటుంది. 500 మీటర్ల దూరంలో ఇరవై అడ్డంకులు, అంటే గోడలు, గుంటలు, తాళ్ల నిచ్చెనలు, పొట్ట మీద పాకాల్సిన తీగలు దాటాలి. అడ్డంకులు పెట్టిన 50 మీటర్ల ఈత ఉంటుంది. చివర్న మగవాళ్లకు 8 కిలోమీటర్ల పరుగు. వీటి మధ్యలో గ్రెనేడు విసరడం. గ్రెనేడు పేలదు, కానీ బరువూ ఆకారమూ పట్టూ అన్నీ గ్రెనేడువే. నేల మీద గీసిన వలయంలో అది పడాలి. నిజం గ్రెనేడు ఎవరి కాళ్ల దగ్గర పడాలని శిక్షణ ఇస్తారో, ఆ మనిషి ఉండాల్సిన చోట ఇక్కడ వలయం ఉంది, అంతే. భుజం కదలిక అదే, ఊపిరి బిగబట్టడం అదే. మంచు దేశాల్లో దీనికి ఇంకా పాత రూపముంది. 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్‌లో సైనిక గస్తీ పందెం పెట్టారు. నలుగురు సైనికులు స్కీల మీద, భుజాన తుపాకులతో, కొండల్లో 30 కిలోమీటర్లు పోవాలి, దారిలో గురి చూసి కాల్చాలి. ఇప్పటి బయాథ్లాన్‌కు మూలం అదే. కాబట్టి ఒంటికి ఆటా యుద్ధమూ వేరుగా తెలియవు. తేడా మరెక్కడో వెతకాలి.

ఒంట్లో లేకపోతే మనసులోనే ఉండాలి కదా, అది గీత మాటే అయింది కదా అని అభ్యంతరం వస్తుంది. బలమైన అభ్యంతరమే. దానికి జవాబు గీత చుట్టూ ఉన్న భారతంలోనే ఉంది. స్కూలు తెలుగువాచకం చదివిన ప్రతివాళ్లకూ తెలిసిన కుమారాస్త్ర విద్యాప్రదర్శనం చూడండి, నన్నయ ఆదిపర్వంలోది. ద్రోణుడి శిష్యులు తమ విద్య చూపించే ఉత్సవం అది. రంగస్థలం కట్టారు, ఊరంతా వచ్చింది. కర్ణుడు వచ్చి అర్జునుడితో సమానంగా అస్త్రాలు చూపించినంతసేపూ అది ఆటే. కృపుడు కులగోత్రాలడిగాడు. వెంటనే దుర్యోధనుడు అక్కడికక్కడే కర్ణుణ్ణి అంగరాజ్యానికి రాజును చేశాడు. విలువిద్య చూపే బరిలోకి రాజ్యం వచ్చి పడింది. సూర్యాస్తమయమై ఆ పూటకు ఆగింది గానీ, ఆ ఇద్దరి మధ్య ఆ తర్వాత ఆట అనేదే లేదు. సభాపర్వంలో జూదమూ అంతే. పాచికలకు నియమాలున్నాయి, ఇద్దరూ ఒప్పుకునే కూర్చున్నారు. కానీ పణం ఆగలేదు. సొమ్ము, రాజ్యం, తమ్ముళ్లు, తాను, చివరికి భార్య. ధర్మరాజుకు శకుని మీద ద్వేషం ఉండి ఆడాడని ఎవరూ అనరు. ద్వేషం తర్వాత వచ్చింది, పణం హద్దు దాటాక వచ్చింది.

కురుక్షేత్రానికి వస్తే, మొదలుపెట్టే ముందు రెండు పక్షాల వాళ్లూ కూర్చుని నియమాలు పెట్టుకున్నారు. సమానుడు సమానుడితోనే పోరాడాలి, ఆయుధం వదిలినవాణ్ణి, వెన్ను చూపినవాణ్ణి కొట్టకూడదు అని. అంటే యుద్ధాన్ని వీలైనంత ఆటకు దగ్గరగా తేవాలని చూశారు. ఎన్నాళ్లు నిలిచాయి? పదమూడో నాడు ఒంటరివాడైన అభిమన్యుణ్ణి మహారథులు చుట్టుముట్టి చంపారు. పద్నాలుగో నాడు పొద్దుగూకినా యుద్ధం ఆగలేదు. దుర్యోధనుడి తొడ విరిగేసరికి మిగిలిన నియమం లేదు, ఆ తర్వాత అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్ల మీద పడ్డాడు. నా వాదనకు అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం అర్జునుడే. మొదటి రోజు పొద్దున గీత విన్నది అతనే. పదమూడో రోజు రాత్రి కొడుకు చావు సంగతి విని సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని ప్రతిజ్ఞ చేసిందీ అతనే. రెండు వారాలు కూడా నిండలేదు. బోధించినవాడు పక్కనే రథం తోలుతున్నాడు. స్థితప్రజ్ఞుడు అరుదైతే మాత్రం ఆదర్శం తప్పవుతుందా అని ఎవరైనా అడగొచ్చు. తప్పు కాదు. ఆ ఆదర్శం అరుదైనవాళ్లకే అందుతుందని భారతమే ఒప్పుకుంటోందని మాత్రం నేనంటాను. అలాంటప్పుడు మిగిలిన లోకం కోసం మనసులను కాక బరులను బాగుచేసుకోవలసిన బాధ్యత మన మీద పడుతుంది.

తెలుగు నేలకు దీనికి మరో సాక్ష్యముంది, అది పల్నాడు. పన్నెండో శతాబ్ది చివర జరిగిన ఆ యుద్ధం గురించి శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర, వీరవిద్యావంతుల కథలు చెప్పేదాంట్లో అసలు మలుపు కోడిపందెం. ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలన్నది పందెం. రెండు కోళ్ల పోట్లాటకు ఒక రాజ్యాన్ని తగిలించారు. (కోడిని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ భీమవరం వైపు సంక్రాంతికి కత్తులు కట్టేవాళ్లు అడగడం లేదు.) ఏడేళ్లయ్యాక గెలిచినవాళ్లు రాజ్యం తిరిగివ్వలేదు, కారంపూడిలో నాగులేటి ఒడ్డున రెండు పక్షాలూ నాశనమయ్యాయి. అదే కథలో బాలచంద్రుడి ఘట్టం ఇంకా చిత్రమైనది. తల్లి అతనికి యుద్ధం సంగతి తెలియకుండా దాచి బొంగరాలాటకు పంపింది. బొంగరం ఎగిరి ఒక వైశ్యుల ఆడపడుచు కాలికి తగిలింది. పెద్దలు రణరంగంలో ఉంటే నువ్విక్కడ ఆడుకుంటున్నావా అని ఆమె దెప్పింది. ఆటలో ఉన్న పిల్లవాడు ఆ ఒక్క దెప్పుతో యుద్ధానికి పోయాడు, తిరిగి రాలేదు. కారంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. ఆ ఐదింటిలో కోడిపోరుకు ఒక రోజు ఇవ్వడం నాకు గొప్ప వివేకంగా కనిపిస్తుంది. కత్తుల్ని ఎంత భక్తిగా తలుచుకుంటారో, కత్తుల దాకా తెచ్చిన పందేన్ని కూడా అంత శ్రద్ధగా తలుచుకుంటారు.

అసలు పోటీయే వదిలేస్తే పోదా అన్నది శ్రమణ మార్గం. ఆ మార్గం బాగా వర్ధిల్లిన చోటూ పల్నాటి సీమే. ఇక్ష్వాకుల విజయపురి, నాగార్జునకొండ లోయ. మూడో శతాబ్దపు ఆ పట్నంలో బౌద్ధ విహారాలతో పాటు నాలుగు వైపులా మెట్లు కట్టిన క్రీడారంగం తవ్వకాల్లో బయటపడింది. చనిపోయిన సేనానుల, సైనికుల పేర చెక్కిన ఛాయాస్తంభాలూ అదే లోయలో దొరికాయి. సాగర్ నీళ్లలో లోయ మునిగాక ఆ రంగాన్ని అనుపులో తిరిగి కట్టారు. భిక్షువులు పోటీ వదిలారు, వాళ్ల పొరుగువాళ్లు వదల్లేదు. పోటీ వదలనివాళ్లకు ధర్మం ఏమిటన్నదే మన ప్రశ్న గనక శ్రమణ మార్గాన్ని ఇక్కడికి ఆపుతాను.

ఇప్పుడు మన జంటనగరాల్లో పరుగు నేర్చుకున్న మనిషి కథ ఒకటి చూద్దాం. ప్రస్తుత పాకిస్తాన్‌లోని ముజఫర్‌గఢ్ దగ్గర గోవింద్‌పురాలో పుట్టిన మిల్ఖా సింగ్, 1947 విభజన హత్యల్లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని శరణార్థిగా ఢిల్లీ చేరాడు. సైన్యంలో చేరబోతే ఒకటికి రెండుసార్లు కాదన్నారు. చివరికి 1951లో తీసుకుని సికింద్రాబాదులోని ఈఎంఈ సెంటర్‌కు పంపారు. పరుగన్నది ఒక విద్య అని అతనికి తెలిసింది ఇక్కడే. కొత్తగా చేరినవాళ్లందరికీ క్రాస్‌కంట్రీ పరుగు పెట్టి, మొదటి పదిమందిని శిక్షణకు తీసుకుంటామన్నారు. అతను ఆరోవాడుగా వచ్చాడు. ఎంపికైతే రోజూ అదనంగా ఒక గ్లాసు పాలు దొరుకుతాయన్నదే తనను పరుగెత్తించిందని ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. తల్లిదండ్రుల్ని చంపిన సరిహద్దుకు అవతలి సైన్యం మీద పగ పెంచుకోవడానికి ఇతనికున్నన్ని కారణాలు ఇంకెవరికైనా ఉంటాయా? అతని ఎదుట నిలిచినవాడు అబ్దుల్ ఖాలిక్, పాకిస్తాన్ సైనికుడు, 1954, 1958 ఆసియా క్రీడల్లో వంద మీటర్ల విజేత. 1958లో టోక్యోలో 200 మీటర్ల పందెంలో మిల్ఖా వెంట్రుకవాసిలో గెలిచాడు. 1960లో లాహోర్‌లో మళ్లీ పోటీ అంటే వెళ్లనన్నాడు, చిన్ననాటి రక్తం కళ్ల ముందు కదిలింది. నెహ్రూ నచ్చచెబితే వెళ్లాడు. గెలిచాడు. ఎగిరే సిక్కు అన్న పేరు అతనికి పెట్టింది అక్కడ కూర్చుని చూసిన అయూబ్ ఖాన్, అంటే ఓడిన దేశపు సైనిక పాలకుడు.

ఇందులో మిల్ఖా మనశ్శాంతి ఎంత, క్షమ ఎంత అని నేను తూచబోను. బయటికి కనిపించేదే చాలు. 1947లో అతని ఊళ్లో జరిగినదానికి హద్దు లేదు. నేల, ఇల్లు, ప్రాణం, మతం, అన్నీ పణమే, ఎవరి ఇష్టమూ ఎవరూ అడగలేదు. 1960లో లాహోర్‌లో పణం 200 మీటర్లు, ఇరవై చిల్లర సెకన్లు. ఖాలిక్ ఓడితే ఖాలిక్‌గానే మిగిలాడు, మర్నాడు మళ్లీ పరుగెత్తగల ఖాలిక్‌గా. అదే మనిషికి, అదే నేల మీద, అదే దేశస్థుల మధ్య, పోటీ కట్టిన తీరు మారేసరికి ఫలితం మారింది. ఈ కథకు కొనసాగింపు కూడా ఉంది. 1971 యుద్ధంలో ఖాలిక్ భారతదేశానికి యుద్ధఖైదీ అయ్యాడు, తొంభై వేలకు పైగా ఉన్న ఖైదీల్లో ఒకడు. యుద్ధం లోపల కూడా హద్దన్నది ఎక్కడైనా మిగిలి ఉందంటే అది యుద్ధఖైదీ దగ్గరే. ఆయుధం కింద పెట్టినవాణ్ణి చంపకూడదు, తిండి పెట్టాలి, చివరికి ఇంటికి పంపాలి. కురుక్షేత్రంలో రాసుకుని చెరిపేసిన నియమాన్ని జెనీవా ఒప్పందం మళ్లీ రాసింది. 1973 ఒప్పందం తర్వాత ఆ ఖైదీలు ఇళ్లకు వెళ్లారు. సాధువులెవరూ లేకుండానే, రెండు ప్రభుత్వాలు ఒక హద్దుకు కట్టుబడినందుకు అన్ని వేల ప్రాణాలు మిగిలాయి.

ఇది మరీ రంగులద్దిన చిత్రం కదా అని జార్జ్ ఆర్వెల్ అడిగేవాడు. 1945లో మాస్కో డైనమో ఫుట్‌బాల్ జట్టు బ్రిటన్ వచ్చి వెళ్లాక ఆయన ఒక వ్యాసం రాశాడు. దేశాల మధ్య ఆటలు స్నేహం పెంచవని, ఉన్న పగను ఎగదోస్తాయని అందులో ఆయన వాదన. 1969లో ఎల్ సాల్వడోర్, హోండూరాస్ మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వెంటే యుద్ధం వచ్చింది. భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ రాత్రి మన ఫోన్లలో తిరిగే మాటలు చూసినా ఆర్వెల్ పక్షమే నెగ్గినట్టుంటుంది. కానీ ఆర్వెల్ చూపించినవాళ్లు ఎవరు? ఎక్కువగా గ్యాలరీలో ఉన్నవాళ్లు, పత్రికల వాళ్లు, ప్రభుత్వాలు. అంటే బరిలో లేనివాళ్లు, దేశ గౌరవం అనే హద్దులేని పణాన్ని బయటినుంచి తెచ్చి ఆటకు తగిలించినవాళ్లు. అంగరాజ్యాన్ని రంగస్థలంలోకి తెచ్చిన దుర్యోధనుడి పనే వీళ్లూ చేస్తున్నారు. బరి లోపల ఏం జరుగుతుందో చూడాలంటే 2016 రియో ఒలింపిక్స్ బాడ్మింటన్ ఫైనల్ చూడాలి. గచ్చిబౌలిలో గోపీచంద్ దగ్గర తయారైన సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ ఓడింది. గెలిచిన కరోలినా మారిన్ కోర్టు మీద బోర్లా పడి ఏడుస్తోంది. సింధు వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది, నేల మీద పడి ఉన్న మారిన్ రాకెట్‌ను తీసి పెట్టింది. ఒలింపిక్ స్వర్ణం పోగొట్టుకుని నిమిషం కూడా కాలేదు. అప్పుడామెకు ఇరవై ఒక్కేళ్లు. దానికి గీతా సాధన అక్కర్లేకపోయింది. ఓటమి ఎంత బాధైనా ఆ గీతల లోపలే ఉంది, మారిన్ లేకపోతే ఆ ఆటే లేదు.

దీని నుంచి ఒక ఇబ్బందికరమైన మాట ఐటీ కారిడార్‌కు వస్తుంది. ఇక్కడి కంపెనీలు ఆటను చాలా ప్రేమిస్తాయి. క్రికెట్ టోర్నమెంట్లు, మారథాన్ టీ షర్టులు, క్యాంపస్‌లో టీటీ టేబుళ్లు. కానీ అసలు పోటీ అక్కడ జరగదు, అప్రైజల్‌లో జరుగుతుంది. బెల్ కర్వ్ పద్ధతిలో ఒక టీమ్ ఎంత బాగా పనిచేసినా ఇంతమందికే పై రేటింగ్, ఇంతమందికి కింది రేటింగ్ తప్పదు. కింద పడ్డవాడికి ముందు హైక్ పోతుంది, తర్వాత పీఐపీ, అంటే పనితీరు మెరుగుపరుచుకోమనే గడువు, వస్తుంది, ఆ తర్వాత ఐడీ కార్డు వెనక్కి ఇవ్వాలి. అతని వెనక కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఫ్లాటు, దాని ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు ఉన్నాయి. 1980ల్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ ఏటా కింది పది శాతాన్ని పంపెయ్యడం పద్ధతిగా చేసి దీనికి పేరు తెచ్చాడు. మైక్రోసాఫ్ట్ 2013లో ఇలాంటి ర్యాంకుల్ని వదిలేసింది. పోటీ అంటే ఆటలాంటిదే, స్పోర్టివ్‌గా తీసుకోవాలి అని మేనేజర్ చెప్పే మాట ఇక్కడ అబద్ధం. ఆటలో మారిన్ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది, ఇక్కడ ఓడినవాడు క్యూబికల్‌లోనే ఉండడు. పక్కవాడి కోడ్‌లో బగ్ కనిపిస్తే చెప్పాలా, రివ్యూ దాకా ఆగాలా అన్న ఆలోచన మంచివాడికి కూడా ఎందుకు వస్తుందో ఇంకా వివరించనక్కర్లేదు. ఆఫీసులో నడిపే ధ్యానం క్లాసులు ఆ ఆలోచన పుట్టాక శాంతింపజేయగలవేమో గానీ, పుట్టించినదాన్ని ముట్టుకోవు. రూపం ఆటది, పణం బతుకుది. ఏడేళ్ల రాజ్యం తగిలించిన కోడిపందెం కట్టుబాటే ఇది. ఎవరో ఒకరు వెనకబడక తప్పదు కదా అంటే, నిజమే. వెనకబడడం వేరు, వెనకబడినవాణ్ణి బరిలోంచి తుడిచెయ్యడం వేరు. మొదటిది లేకుండా ఏ పనీ మెరుగుపడదని నేనూ ఒప్పుకుంటాను. రెండోది పెట్టి, దానికి టీమ్ స్పిరిట్ అని పేరు పెట్టడాన్నే కాదంటున్నాను.

చివరి అభ్యంతరమే అన్నిటికంటే కఠినమైనది. హద్దులు పెట్టుకునే అవకాశం ఇద్దరూ ఒప్పుకున్నప్పుడే ఉంటుంది. ఒకడు హద్దు లేకుండా మీద పడితే? పోలండ్‌లోని జకోపానె అనే కొండ ఊరి స్కీయర్లకు ఇది ఊహాప్రశ్న కాదు. బ్రొనిస్వావ్ చెక్ 1928, 1932, 1936 శీతాకాల ఒలింపిక్స్ మూడింటిలోనూ ఆడాడు. మూడోది నాజీ జర్మనీలోని గార్మిష్‌లో, హిట్లర్ ప్రభుత్వపు అతిథిగా. నాలుగేళ్లకు, 1940 జూన్ 14న, ఆష్విట్జ్‌కు చేరిన మొదటి పోలిష్ ఖైదీల రైల్లో అతనూ ఉన్నాడు. 1944లో అక్కడే చనిపోయాడు. గార్మిష్‌లో అతనితో పాటు ఆడిన స్తానిస్వావ్ మరుసాష్ 1938 ప్రపంచ పోటీల్లో స్కీ జంప్‌లో రజతం గెలిచినవాడు. జర్మనీ ఆక్రమణ తర్వాత తత్రా కొండల మీదుగా హంగరీకి రహస్య సైన్యం ఉత్తరాలు మోశాడు. పట్టుబడ్డాడు, మరణశిక్ష పడింది. 1940లో క్రాకోవ్ జైలు కిటికీలోంచి దూకి తప్పించుకున్నాడు. అతని చెల్లెలు హెలెనా కూడా స్కీయరే, ఆమెను 1941లో కాల్చి చంపారు. ఆటలో పుట్టిన మర్యాద వీళ్లలో ఒక్కరినైనా కాపాడిందా? కాపాడలేదు. ఆట యుద్ధాన్ని ఆపుతుందని నేను ఎక్కడా అనలేదు. సైనిక క్రీడలు పెట్టినంత మాత్రాన సైన్యాలు మారవు, ఆ వేడుక సైన్యాలకు ప్రచారం కూడా అవుతుంది. నేనన్నది ద్వేషం ఎక్కడ పుడుతుందన్న దాని గురించే. దానికి మరుసాష్ జీవితం ఎదురు సాక్ష్యం కాదు, బలమైన సాక్ష్యం.

హద్దు లేని పోరు తన మీద రుద్దబడినవాడికి గీత కావాలి, అందులో సందేహం లేదు. అతనికి బరిని బాగుచేసే తీరిక లేదు, తన మనసొక్కటే చేతిలో ఉంది. కొండదారిలో రాత్రిపూట ఉత్తరాలు మోసేవాడికి శత్రువు మీద ద్వేషం లేకుండా ఉండాలని చెప్పే హక్కు, గచ్చిబౌలిలో ఏసీ గదిలో ఉన్నవాళ్లకు నాకు తెలిసి లేదు. ఆ అరుదైన సాధన అతను చేస్తే మనం నమస్కరించాలి, చెయ్యకపోతే తీర్పు చెప్పకూడదు. కానీ హద్దు పెట్టుకునే అవకాశం ఉన్నవాళ్లు కూడా ఆ సాధన పేరే చెప్పి తప్పించుకోవడం వేరు సంగతి. 1966లో మరుసాష్‌ను అదే గార్మిష్‌లో జరిగే పోటీకి అతిథిగా పిలిచారు. అప్పుడతనికి యాభై మూడేళ్లు దగ్గరపడ్డాయి. ఎవరివో స్కీలు అడిగి తీసుకుని, పోటీకి బయట, అదే కొండ మీద నుంచి దూకాడు. అతనికి మరణశిక్ష వేసిన ప్రభుత్వం పోయి ఇరవై ఏళ్లు దాటింది, దూరం కొలిచే గీతలు మాత్రం 1936లో లాగే ఆ మంచు మీద ఉన్నాయి. జర్మన్లు చప్పట్లు కొట్టారు. చెల్లెల్ని చంపినవాళ్ల దేశాన్ని అతను క్షమించాడని దీన్నిబట్టి ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఆ సంగతి ఆ దూకడంలో లేదు. అతను తిరిగి వెళ్లగలిగిన చోటు ఆ దేశంలో ఒకటి మిగిలింది, అది ఎంత దూరం దూకావన్నదాన్ని తప్ప మరిదేన్నీ పణంగా అడగని చోటు.